ఆకురాయి జారింది

నిన్న సాయంత్రం, నేను కొలిమిలో కాల్చి చేసిన నాలుగో కత్తిని నూనెలోంచి తీసి అంచు మీద ఆకురాయి పెడితే, గాజు మీద జారినట్టు జారింది. అంటే అంచు గట్టిపడిందన్నమాట. ముందు మూడూ ఎందుకు పాడయ్యాయో తెలిసింది కాబట్టి, కొలిమి పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం వెంటనే రాస్తున్నాను.

కొలిమి సులువే. ఇనప తట్టకు రెండంగుళాల మందాన బంకమట్టి మెత్తి, అడుగున అంగుళం గొట్టం దూర్చి చేతి బ్లోయర్ తగిలిస్తే చాలు. జీఐ గొట్టం, అంటే జింకు పూత ఉన్నది, మాత్రం వద్దు, జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. తుమ్మ బొగ్గు, కిలో సుత్తి, బద్దకు సరిపోయే నోరున్న పట్టకారు, ఇరవై కిలోల ఇనప దిమ్మ. రైలు పట్టా ముక్క ఇస్తామంటే కొనకండి. అది రైల్వే సొత్తు, 1966 చట్టం కింద కేసవుతుంది.

కొట్టడమూ త్వరగానే పట్టుబడుతుంది. నారింజ రంగులో కొట్టాలి, మసక ఎరుపుకు దిగగానే మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లారిన ఉక్కును కొడితే పగులుతుంది. తెల్లబడి రవ్వలు చిమ్మిందంటే కాలిపోయినట్టే, ఆ మేర కోసి పారేయాలి.

నన్ను తిప్పలు పెట్టింది గట్టిపరచడం, అంటే ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచడం.

మొదటి కత్తి ఎన్నిసార్లు ముంచినా మెత్తగానే ఉంది. పాత ఇనుము కొట్టతను లారీ కమాను పట్టీ అని చెప్పి మెత్తని ఇనప బద్ద అంటగట్టాడు. నోటిమాట నమ్మకండి, కొట్టులోనే గ్రైండర్ ఆనించి చూడండి. మెత్తని ఇనుము రవ్వలు పొడుగు గీతల్లా పోతాయి. కమాను పట్టీలో గట్టిపడటానికి కావలసిన కార్బన్ 0.5, 0.6 శాతం ఉంటుంది, దాని రవ్వలు చివర్న కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటాయి.

రెండోది అసలైన కమాను పట్టీయే, కానీ నీళ్లలో ముంచాను. ‘టిక్’ మన్నది. అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకంత పగులు. మూడోదాన్ని నూనెలోనే ముంచినా అతిగా కాల్చాను. కిందపడి రెండు ముక్కలైంది, విరిగినచోట లోపల రాళ్లుప్పులా పలుకులు. సరిగ్గా కాలిన ఉక్కు విరిగితే బూడిదరంగు పట్టులా సన్నగా కనిపించాలి.

నీళ్లతో పని కాదని కాదు. అనుభవమున్న కమ్మరి అంచు మాత్రమే ముంచి తీసి, వెన్నులోని వేడి అంచుకు పాకి ఎండుగడ్డి రంగు రాగానే మళ్లీ ముంచుతాడు. ఆ పనిని చులకన చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు పేరుమోసిన డమాస్కస్ కత్తుల ఉక్కును నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కాచినవాళ్లు అలాంటి కమ్మరులే.

నాలుగోదానికి చేసింది ఇది. అంచును రూపాయి బిళ్ల మందాన వదిలాను, ముందే పలచన చేస్తే వంకరపోతుంది. అయస్కాంతం అంటుకోనంత వరకు, అంటే 770 డిగ్రీల పైమాటగా కాల్చి గాలిలో ఆరనిచ్చాను, లోపలి పలుకులు సన్నబడటానికి ఇలా మూడుసార్లు. నాలుగోసారి అయస్కాంతం వదిలాక ఇంకొక్క ఛాయ ఎరుపెక్కనిచ్చి, 50 డిగ్రీలకు వెచ్చబెట్టిన ఐదు లీటర్ల వేరుశనగ నూనెలో అంచు కిందికి పెట్టి నిలువునా దించాను. పక్కకు ఊపకూడదు. ఇదంతా నీడలోనే చేయాలి, ఎండలో ఎరుపు కనబడదు. నూనెకు ఇనప డబ్బా, పైన మూత తప్పనిసరి, మంట లేస్తుంది.

ముంచిన కత్తి పెళుసుగా ఉంటుంది, అది తగ్గడానికి ఆ సాయంత్రమే 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు పెట్టాలి. తెల్లారి చూద్దామని వదిలేస్తే రాత్రికి రాత్రే పగలొచ్చు.