తొప్పి వినిపించలేదు

"ఏరా, ఇందులో మృదంగం ఉందా?" అని సాయంత్రం బావ కారులో అడిగిన మాట రాత్రి పదకొండు దాటినా నన్ను వదలడం లేదు. అక్క పాటకు వారం రోజులు మిక్సింగ్ చేశాను. అరువు తెచ్చిన మానిటర్లలో (మిక్సింగ్‌కు వాడే స్పీకర్లలో) తొప్పి, అంటే మృదంగం ఎడమవైపు మంద్రంగా పలికే ముఖం, గుమ్మని పలికితే, ఎక్కువైందనుకొని నేనే తగ్గించాను. కారులో కుడివైపు ముఖం మీద వేసే చాపు దెబ్బ తప్ప ఏమీ వినిపించలేదు.

పొరపాటు నా గదిది. పది అడుగుల చదరపు గదిలో 56 హెర్ట్జ్ దగ్గర ఒక స్థిర తరంగం (గోడల మధ్య ధ్వని తిరిగి తిరిగి తగిలి, కొన్ని చోట్ల పొంగుతూ కొన్ని చోట్ల అణగుతూ నిలిచిపోయేది), దానికి రెట్టింపు 112 దగ్గర మరొకటి ఏర్పడతాయి. నేను కూర్చునే నడిమధ్య మొదటిది దాదాపు మాయమవుతుంది, రెండవది పొంగుతుంది. అక్క శ్రుతి (పాటకు ఆధారమైన షడ్జమం) ఐదు కాబట్టి తొప్పి సుమారు 98 దగ్గర, ఆ పొంగుకు చేరువలోనే పలుకుతుంది. కుర్చీని రెండున్నర అడుగులు వెనక్కి జరిపి విన్నాను, అదే తొప్పి సన్నబడిపోయింది.

ఇది తెలిశాక, సొంత మానిటర్లు కొందామని వెళ్లిన దుకాణంలోని అబ్బాయి మీద కోపం రెట్టింపైంది. నా పాట వినిపించమంటే వినిపించలేదు, గది కొలత అడగలేదు, ఐదు అంగుళాలవా, ఎనిమిదివా అంటే "పెద్దవే తీసుకోండి సార్, బేస్ బాగుంటుంది" అన్నాడు. ఎనిమిది అంగుళాల వూఫరు (బేస్ పలికించే స్పీకరు) ఇంకా మంద్రంగా పలుకుతుందేమో కానీ, ఈ గదిలో ఆ పొంగును తగ్గించదు. డబ్బు పెట్టేవాడికి ఆ ఒక్క మాట చెప్పడం అతని బాధ్యత కాదా?

మా ఊరి శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు ఆయన అలా చేసేవాడు కాదు. హరికథ మొదలవగానే చిట్టచివరి చాప దాకా నడిచి, స్తంభానికి ఆనుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. తిరిగి వచ్చి ఒక మీట వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ అంత దూరమూ నడిచేవాడు. చిన్నప్పుడు నేను ఆయన వెంట తిరిగి చెప్పుల నిండా దుమ్ము చేసుకునేవాణ్ణి.

నిన్నటి వరకు హెడ్‌ఫోన్లను పక్కన పెట్టేద్దామనే అనుకున్నాను. వాటిలో ఎడమ ధ్వని ఎడమ చెవికే, కుడి ధ్వని కుడి చెవికే చేరడం వల్ల అక్క గొంతు ఎదురుగా కాక తల లోపల పలుకుతుంది, తంబురాను ఒక పక్కకు కాస్త జరిపితే చెవికి అతుక్కుంటుంది. అయినా గది ప్రమేయం లేదు కనుక తొప్పి విషయంలో వాటినే నమ్మాలి. నాన్నగారు నిద్రపోతున్నారు, హెడ్‌ఫోన్లు పెట్టుకొని తొప్పిని 3 డెసిబెళ్లు పెంచాను. తంబురా ఎంత దూరాన ఉండాలో మాత్రం, బల్లను గోడవైపు జరిపాక, మానిటర్లలోనే తేల్చుకుంటాను. రేపు బావ ఆఫీసుకు బయలుదేరకముందే కారు తాళం అడగాలి.