ఏమీ తెలియని చేతిబొమ్మ

చిన్నపిల్లలకు బొమ్మ చేత పాఠం చెప్పించడం కంటే, పిల్లల చేతనే బొమ్మకు పాఠం చెప్పించడం మేలని నా అభిప్రాయం. విజయవాడలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతూ నేను గమనించిన విషయమిది. "తొమ్మిది తరువాత ఎంత?" అని టీచరు అడిగితే తల దించుకునే పిల్లవాడే, టీచరు చేతికి తొడుక్కుని ఆడించే చేతిబొమ్మ "తొమ్మిది, పదకొండు" అని లెక్కపెట్టగానే "పది మర్చిపోయావు!" అంటూ లేచి నిలబడతాడు. జవాబు టీచరుకు తెలుసని వాడికి తెలుసు కనుక ఆ ప్రశ్న పరీక్షలా తోస్తుంది. బొమ్మకు తెలియదు కనుక దానికి చెప్పడం సాయం చేయడమవుతుంది.

అందువల్ల బొమ్మ మరచిపోవాలి, తడబడాలి, అడగాలి. "పాలు తాగు, అల్లరి చేయకు" అని దాని చేత నీతులు చెప్పిస్తే, అది అమ్మ గొంతేనని పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆ తరువాత దానిని వారు నమ్మరు.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పాత సాక్సుకు రెండు గుండీలు కళ్లుగా కుట్టి, ఊలు దారంతో జుట్టు పెడితే చాలు. మాట్లాడించేటప్పుడు మాత్రం పై నాలుగు వేళ్లూ కదపకుండా బొటనవేలిని కిందికి దించాలి. వేళ్లను పైకెత్తితే బొమ్మ చూపు పిల్లల మీద నుంచి కప్పు మీదికి పోతుంది. 2023లో కేంద్ర విద్యాశాఖ మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం తెచ్చిన 'జాదూయీ పిటారా' అనే ఆటవస్తువుల పెట్టెలోనూ ఆడించే బొమ్మలకు చోటుంది. అటువంటివి బీరువాలో భద్రంగా ఉండటం కంటే పిల్లల చేతుల్లో నలిగి చిరగడమే నాకు ఇష్టం.

మన తోలుబొమ్మలాట ఇంకా గొప్ప పాఠం. రామాయణ కథ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించిపోవడంలో, చూసేవారి మనసు ఎక్కడ అలసిపోతుందో ఎరిగిన నేర్పు ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో కళాకారులు నేటికీ మేకతోలును వెలుతురు దూరేలా పలుచగా చేసి, రంగులద్ది బొమ్మలు చేస్తున్నారు. ఇంట్లోనైతే పాత శుభలేఖల అట్టను కత్తిరించి, ఈనెపుల్లకు అంటించి, తెల్ల పంచె వెనుక దీపం పెట్టి ఆడించవచ్చు. అట్టబొమ్మ నీడ నల్లగానే పడుతుంది. అక్కడక్కడా కోసి వెలుతురు దూరే పలుచని రంగు కాగితం అతికిస్తే ఆ రంగు తెర మీదికి వస్తుంది.

బొమ్మను పంచెకు ఆనిస్తే నీడ చిన్నగా, స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే పెద్దదై, అంచులు మసకబారుతాయి. దీనిని ముందే వివరించకుండా, "నేనెందుకు ఇంత లావయ్యాను?" అని బొమ్మ చేతనే అడిగించండి. అన్నం ఎక్కువ తిన్నావని ఒకరంటారు, దీపం దగ్గరికి పోయావని మరొకరంటారు. ఎవరిది సరైనదో తేల్చుకోవడానికి పుల్లను వారి చేతికే ఇవ్వాలి.