తిన్నాను, పడుకున్నాను, డబ్బు పంపాను

మన బడి సంచిక కమిటీ తరఫున బూరె ఫోను చేశాడు. "1971 యుద్ధంలో నీ వీరోచిత అనుభవాలు రెండు పేజీలు రాయి, యూనిఫాంలో ఫోటో జత చెయ్యి" అన్నాడు. యుద్ధం జరిగినన్నాళ్లూ నేను ఉన్నది నేవీ విమానాలను మోసే ఓడ విక్రాంత్ అడుగున, బాయిలర్ గదిలో. ఆకాశం కూడా సరిగా చూడలేదు. వీరోచితం కావాలంటే పైన విమానాలు నడిపినవాళ్లను అడగాలి. నేను డ్రిల్ మాస్టారి గురించి రాస్తాను, మధ్యలో యుద్ధం వస్తే వస్తుంది.

శనివారం ఆఖరు పీరియడు ఎవరు మరిచిపోతారు? మైదానంలో వరసగా కూర్చోబెట్టి పాదాలు చాపమనేవారు. వేళ్ల సందులు కూడా వదలకుండా చూసేవారు. మహేంద్రతనయ ఏటిలో ఈది తడికాళ్లతో వచ్చిన తంతిగాడికి ఆ రోజు ఏం జరిగిందో రాయను, వాడి మనవలు ఈ సంచిక చదువుతారు. తరగతి మొత్తంలో చెప్పులున్నవాళ్లే తక్కువ, అయినా తడిసిన మేజోళ్లు ఎలా ఆరబెట్టాలో మనకు పాఠం! "కాలు పాడైతే తుపాకీ ఎవడు మోస్తాడురా?" అనేవారు. "మాకు తుపాకులు లేవు కదండీ" అన్నందుకు, మనం నౌపడా అని పిలిచేవాడు బడి చుట్టూ పరుగెత్తాడు. మన గుణుపురం చిన్న రైలుతో పందెం కాసి గెలిచినవాడికి అదొక శిక్షా?

విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడ్డాయి. అక్కడి జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకు వస్తుంటే, మాస్టారు ఎదురు రైలెక్కి వెళ్లి పట్టాళంలో చేరారట. అస్సాం, మణిపూర్, 1944లో ఇంఫాల్ ముట్టడి, అన్నీ చూశారు. యుద్ధం గురించి అడిగితే మాత్రం మాత్రల సంగతి చెప్పేవారు. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మింగించేవారట, దాంతో దళమంతా నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా పచ్చబడిపోయారట. ఇంకొకటి కంచరగాడిదల కథ. శత్రువుకు వినిపించకుండా అడవిలోకి పంపే వాటికి గొంతు నరాలు కోసేవారని చెప్పి, ఆయన మన వెనక బెంచీ వైపు చూసేవారు. ఆ చూపు తరువాత ఎంతసేపు నిశ్శబ్దంగా ఉండేదో నాకంటే వెనక బెంచీ వాళ్లే బాగా చెప్పగలరు.

"పడుకో" అనగానే నేల మీద వాలి కళ్లు మూసుకోవాలి, "లే" అనగానే లేవాలి. ఇదేం డ్రిల్లు అని ఒడియా పంతులుగారు కూడా నవ్వేవారు. ఇక పోస్టుకార్డు పాఠం. "ఇంటికి మూడే మాటలు రాయండి. తిన్నాను, పడుకున్నాను, డబ్బు పంపాను. మిగిలినది రాస్తే అమ్మ ఏడుస్తుంది, పై అధికారి ఆ మాటలు కొట్టేస్తాడు." మనం ఒక్కొక్కరం రాసి చూపించాలి. డబ్బెక్కడిది అని ఎవరూ అడగలేదు, నౌపడా సంగతి చూశాక.

మెట్రిక్ అయ్యాక నేవీ శిక్షణ: విశాఖలో సర్కార్స్, లోనావ్లాలో శివాజీ. ఆ సంవత్సరాల్లో రాయదగ్గదేమీ లేదు.

విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు. ఒకదానిలో పగుళ్లు వచ్చాయి, వేగం తగ్గించుకునే యుద్ధానికి వెళ్లాం. విమానం ఎగరాలంటే ఓడ గాలికి ఎదురుగా పరుగెత్తాలి, దాన్ని ముందుకు విసిరే కాటపుల్టుకూ ఆవిరి కావాలి. రెండూ మా గది నుంచే వెళ్లాలి. డిసెంబర్ 4న మన సీ హాక్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికీ, చిట్టగాంగ్ మీదికీ వెళ్లాయని లౌడ్‌స్పీకరులో విన్నాం. నేను యుద్ధాన్ని చూసింది ప్రెషర్ గేజీ ముల్లు మీదే. కింద చెమటతో బూట్లు నిండేవి. నాలుగు గంటల వాచీ డ్యూటీ దిగగానే మేజోళ్లు పిండి ఆరేసి, ఎక్కడ వాలితే అక్కడ నిద్రపోయేవాణ్ణి. తోటివాళ్లు అది నా పుట్టుక గుణం అనుకున్నారు.

మన యుద్ధనౌక ఖుక్రీ 9వ తేదీ రాత్రి డయ్యూ దగ్గర మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు. వాళ్లలో నాతో చదివినవాళ్లు ఉన్నారు. దీని గురించి ఇంతే.

మేము అండమాన్లలో దాక్కుని ఉంటే, విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించడానికి అక్కడ మా పేరున సరుకులు ఆర్డరు పెట్టారు. శత్రువు నమ్మాడో లేదో గానీ మా నాన్న నమ్మారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి విశాఖలో కిటికీ అద్దాలు అదిరాయని తెలిసి, అన్నం మానేశారు. తరువాత నా కార్డు అందింది. చదివి ఏమీ అర్థం కాక మాస్టారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, "మూడు మాటలే రాశాడు. నాలుగోది ఉంటే భయపడాలి. మీరు భోజనం చెయ్యండి" అన్నారట.

నౌపడా బెంగుళూరు వెళ్లి ఆర్మీ ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్లలో చేరాడు. అదే డిసెంబరులో తూర్పు వైపు, కూల్చేసిన వంతెనల చోట తేలే వంతెనలు వేశాడు. తుపాకీ కంటే సుత్తే ఎక్కువ మోశానంటాడు. నడుము లోతు నీళ్లలో పని చేసినా వాడి పాదాలు ఈనాటికీ చూపించుకునేలా ఉన్నాయి, చూపిస్తాడు కూడా. ఘాజీని మన నౌక రాజ్‌పుత్ ముంచిందని నేను, సొంత మందుపాతరే పేలిందని వాడు. నేవీ మీద ఆర్మీ అసూయ ఎప్పటిదో.

నేవీ వదిలాక రాయగడ దగ్గర కాగితపు మిల్లులో బాయిలరే చూసుకున్నాను. బరంపురంలో మా అమ్మాయి డాక్టరు. విక్రాంత్‌ను 2014లో తుక్కు కింద విరగ్గొట్టారు. ఆ ఇనుము కలిపి చేశారని మనవడు మోటారు సైకిలు కొన్నాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. వాడికి చెప్పలేదు గానీ, దాని వేగం విక్రాంత్ కంటే చాలా ఎక్కువ.

బూరె పంపిన ఆహ్వాన పత్రం వెనక గురువుల జాబితా చూశాను. డ్రిల్ మాస్టారి పేరు లేదు. తాత్కాలిక ఉద్యోగి కాబట్టి రికార్డుల్లో దొరకలేదట. పూర్తి పేరు, పనిచేసిన కాలం రాసి ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాను. అచ్చుకు ఇంకా వారం ఉందని బూరె అన్నాడు. చేర్చకపోతే మా అమ్మాయి ఆసుపత్రి అరపేజీ ప్రకటన డబ్బు వెనక్కి ఇవ్వండి.