మా ఆవిడ ఇక్కడ ఉండటానికి కావలసిన కాగితాలు

మా ఆవిడది ఫిలిప్పీన్స్. కువైట్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేసేది. నేను అక్కడే ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మాది కోనసీమ. కువైట్ వెళ్ళిరావడం మా ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు గానీ, అక్కణ్ణుంచి కోడలు రావడం మాత్రం కొత్తే. ఇంట్లో ఎలా ఒప్పించానన్నది ఇక్కడ రాయను. ఒప్పుకున్నాక మొదలైన కాగితాల పని గురించి రాస్తాను. ఈమధ్య గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ఫోన్ చేసి అడుగుతున్నది అదే.

అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, గుళ్ళో పెళ్ళి చేసుకుంటే వీసా వస్తుందా?" రాదు. గుళ్ళో చేసుకోండి, చర్చిలో చేసుకోండి, మీ ఇష్టం. ప్రభుత్వానికి కావలసింది మాత్రం పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. తర్వాత వచ్చే వీసా, విదేశీయుల రిజిస్ట్రేషన్, ఓసీఐ కార్డు (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అంటే విదేశీ పౌరులు వీసా అక్కర్లేకుండా ఇక్కడ ఉండేందుకిచ్చే గుర్తింపు) అన్నీ దాన్ని చూసే ఇస్తారు. అందుకే సర్టిఫికెట్ మీద పెట్టినంత శ్రద్ధ ఫంక్షన్ హాల్ మీద పెట్టొద్దంటాను. మా అమ్మకు ఈ మాట నచ్చదు.

తను క్యాథలిక్, నేను హిందువుని. కాబట్టి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ మాకు సరిపోయింది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. అందుకని నేను ముందుగా హైదరాబాద్ వచ్చేసి, ఉద్యోగంలో చేరి, ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద పెడతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. తను వచ్చింది ఈ-టూరిస్ట్ వీసా మీద, దానికి ఒకేసారి 90 రోజులు మించి ఉండకూడదు. ఈ గడువులన్నీ క్యాలెండర్ మీద రాసుకున్నాకే తనకి టికెట్ బుక్ చేశాను. పంతులుగారి ముహూర్తం వీటి మధ్యలోనే ఎక్కడో ఇరికించాల్సి వచ్చింది.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మొదటి మాట "విదేశీయుల పెళ్ళిళ్ళు ఇక్కడ చెయ్యం సార్, కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి" అని. బయట చెట్టు కింద కూర్చునే ఏజెంటుకి ఈ మాట ముందే తెలుసు కాబోలు, మేం గేటు దాటేలోపే వచ్చి రేటు చెప్పాడు. యాక్టులో నాలుగో సెక్షన్ ప్రింటు నా ఫైల్లో ఉంది. ఏ ఇద్దరు వ్యక్తులైనా అని ఉంటుంది అందులో, ఇద్దరూ భారతీయులే కావాలని లేదు. గుమస్తాతో వాదించకుండా నేరుగా సబ్‌రిజిస్ట్రార్ మేడమ్ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం ముందు పెట్టాను. ఆవిడ చదివి, "చేస్తాం, కానీ అమ్మాయికి ఇంతకుముందు పెళ్ళి కాలేదని వాళ్ళ దేశం నుంచి రుజువు కావాలి" అన్నారు. అడగాల్సిన ప్రశ్న అది.

ఆ రుజువు రెండు ముక్కలుగా తెచ్చాం. ఒకటి ఫిలిప్పీన్స్ గణాంక శాఖ ఇచ్చే సెనోమార్, అంటే వాళ్ళ రికార్డుల్లో ఈ మనిషికి పెళ్ళి నమోదు కాలేదని చెప్పే పత్రం. ఆ దేశంలో ముస్లింలకు తప్ప మిగతావాళ్ళకు విడాకుల చట్టమే లేదు, అందుకే ఈ పత్రానికి అక్కడ చాలా విలువ. దాని మీద వాళ్ళ విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పత్రం వేరే దేశాల్లోనూ చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ, ఉండాలి. 2019 మేలో ఆ దేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరాక ఇది సులువైంది. వాళ్ళ అక్క మనీలాలో తీసుకుని కొరియర్ చేసింది. రెండోది, పెళ్ళి చేసుకోవడానికి చట్టప్రకారం అడ్డేమీ లేదని ఢిల్లీలోని వాళ్ళ ఎంబసీ ఇచ్చేది. దానికి మనిషి స్వయంగా వెళ్ళాలి. ఢిల్లీ చలిలో చాణక్యపురిలో నిలబడినప్పుడు, కువైట్ నుంచి వచ్చిన మాకిద్దరికీ సరైన స్వెట్టర్లు కూడా లేవు.

అసలు టెన్షన్ పేరు దగ్గర వచ్చింది. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళది చివర ఉంటుంది, మధ్యలో తల్లి పుట్టింటి పేరు వస్తుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయన సర్టిఫికెట్లో ఆ మధ్య పేరుని ఇంటిపేరు గడిలో కొట్టి, అసలు ఇంటిపేరుని వాళ్ళ నాన్నగారి పేరు పక్కన పెట్టాడు. సంతకం పెట్టబోయే ముందు డ్రాఫ్టు చూపించమని తనే అడిగింది, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసింది. మందుల చీటీలు చూసిన అలవాటు కదా. ఆయన విసుక్కుంటూనే మార్చాడు. ఆ తప్పు అలాగే ఉండిపోయి ఉంటే ఆ తర్వాతి ఆన్‌లైన్ ఫారాలన్నింటిలో మేం ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి సంజాయిషీ రాసుకుంటూ ఉండేవాళ్ళం. పెళ్ళయ్యాక కూడా తను పేరు మార్చుకోలేదు. వాళ్ళ చట్టంలో భర్త ఇంటిపేరు పెట్టుకోవడం ఆడవాళ్ళ ఇష్టం, తప్పనిసరి కాదు. అమ్మ కొన్నాళ్ళు అడిగింది, తర్వాత మానేసింది.

2022 చివర్లో ముగ్గురు సాక్షుల ముందు సంతకాలయ్యాయి. మా నాన్న, మా చిన్నాన్న, నా పాత రూమ్మేటు సాక్షులు. ఆ సర్టిఫికెట్ ఢిల్లీ ఎంబసీకి పంపి, వాళ్ళ దేశంలోనూ పెళ్ళి నమోదు చేయించాం. దీన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే అక్కడి రికార్డుల్లో మీ ఆవిడ ఇంకా పెళ్ళికాని పిల్లే.

టూరిస్ట్ వీసా గడువు దగ్గరపడటంతో తను మనీలా వెళ్ళి, అక్కడి మన ఎంబసీలో ఎంట్రీ వీసాకి దరఖాస్తు పెట్టింది. భారతీయుల భార్యకో భర్తకో ఇచ్చేది ఎక్స్-2 రకం. నా పాస్‌పోర్టు కాపీ, పెళ్ళి సర్టిఫికెట్, నేను రాసిచ్చిన హామీపత్రం పెట్టాం. వీసా వచ్చింది, కానీ విమానం ఎక్కడానికి అది ఒక్కటీ చాలదు. విదేశీయుణ్ణి పెళ్ళాడిన ఫిలిప్పీన్స్ మనిషి భర్త దగ్గరికి వెళ్ళిపోవాలంటే అక్కడి ప్రవాసుల కమిషన్ దగ్గర కౌన్సెలింగ్‌కి హాజరై సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే ఎయిర్‌పోర్టులో వాళ్ళ ఇమిగ్రేషనే ఆపేస్తుంది. పెళ్ళి పేరుతో ఆడపిల్లల్ని విదేశాలకు పంపే వ్యాపారాన్ని ఆపడానికి 1990లో చట్టం తెచ్చారు, 2016లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఈ కౌన్సెలింగ్ కూడా ఆ జాగ్రత్తలో భాగమే. ఏళ్ళ తరబడి ఒంటరిగా గల్ఫ్‌లో బతికిన తనకి ఇదేం గోల అనిపించింది. కౌన్సెలర్ నా జీతమెంత, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు, అత్తగారితో కలిసి ఉంటారా, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, ఏదైనా జరిగితే అక్కడ ఎవరికి ఫోన్ చేస్తావు అని అడిగిందట. ఫోన్లో ఇదంతా చెప్పి నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు. మన దగ్గర పెళ్ళి చేసి అమెరికా పంపే ఆడపిల్లల్ని ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళెవరు?

ఎంట్రీ వీసా 180 రోజులకు మించినదైతే, దిగిన 14 రోజుల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు చూసే ప్రాంతీయ ఆఫీసు) దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 2018 నుంచి ఇదంతా ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే సైట్లోనే. పాస్‌పోర్టు, వీసా, ఎయిర్‌పోర్టు ముద్ర ఉన్న పేజీ, ఫొటో, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, నా హామీపత్రం అప్‌లోడ్ చేస్తే అనుమతి పత్రం మెయిల్‌కే వచ్చింది. ఇబ్బంది సైటుతో కాదు, ఇంటి ఓనరుతో. విదేశీయులు ఎక్కడ బస చేసినా, ఆ బస ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో ఆ సంగతి తెలిపే ఫారం నింపాలి, అప్పట్లో దాన్ని ఫారం సి అనేవారు. హోటళ్ళకి ఇది మామూలే, ఇళ్ళకీ వర్తిస్తుందని ఎక్కువమందికి తెలియదు. మా ఓనరు అంకుల్‌కి చెబితే ముఖం మాడిపోయింది. "పోలీసులొస్తారా బాబూ? పైన అద్దెకున్నవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఆంటీ మాత్రం "అమ్మాయి నర్సు, నా బీపీ చూస్తుంది, సంతకం పెట్టండి" అంది. పెట్టారు.

ఆ తర్వాత రెండేళ్ళు ఎదురుచూపే. ఎంట్రీ వీసా ఉద్యోగానికి ఇచ్చేది కాదు. ఐసీయూలో రాత్రింబవళ్ళు పనిచేసిన మనిషి కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో కూర్చుని తెలుగు సీరియళ్ళు చూస్తూ భాష నేర్చుకుంది. అందుకే తన తెలుగులో కుట్రలు, శపథాలు ఎక్కువ. చుట్టాలొస్తే గోల్కొండ తీసుకెళ్ళేవాళ్ళం. మాకు టికెట్ 25 రూపాయలు, తనకి 300. మా అత్త కూతురు ప్రతిసారీ "వదినకి రేటెక్కువ" అని ఏడిపించేది.

ఓసీఐ అంటే విదేశాల్లో స్థిరపడిన మనవాళ్ళకే అనుకుంటారు చాలామంది. పౌరసత్వ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం భారతీయుల విదేశీ జీవిత భాగస్వామికీ ఇస్తారు, పెళ్ళి రిజిస్టరై, దరఖాస్తు నాటికి కనీసం రెండేళ్ళు ఎడతెగకుండా నిలిచి ఉంటే. దానికి ముందు భద్రతా శాఖల క్లియరెన్స్ కూడా ఉండాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళకు ఈ దారి లేదు. రిజిస్ట్రేషన్‌ని వాయిదా వేయొద్దని నేను పోరేది ఇందుకే. బంతిభోజనాలు పెట్టి పదేళ్ళయినా, కాగితం నిన్నటిదైతే ఎదురుచూపు నిన్నటి నుంచే.

2025 మొదట్లో 15,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. ఒరిజినల్స్ చూపించి వచ్చాక, ఒకరోజు మధ్యాహ్నం స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. నేను ఆఫీసులో ఉన్నాను. తను తలుపు తీసి "కూర్చోండి అన్నా, ఆయన సాయంత్రం వస్తారు" అందట. కానిస్టేబుల్ నాకు ఫోన్ చేసి, "సార్, మేడమ్ తెలుగు మాట్లాడుతున్నారు, ఫారెనర్ ఈవిడేనా?" అని అడిగాడు. పక్కింటివాళ్ళని రెండు మాటలడిగి, కలిసే ఉంటున్నారని రాసుకుని వెళ్ళాడు. లంచం అడగలేదు. అడుగుతాడేమోనని నేను ముందే భయపడి ఉన్నాను కాబట్టి ఈ సంగతి కూడా రాస్తున్నాను.

కార్డు వచ్చాక మారినవి చాలా ఉన్నాయి. ఎన్నిసార్లయినా రావచ్చు పోవచ్చు, ఎన్నాళ్ళున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గోల్కొండలో తనకీ 25 రూపాయలే. అన్నిటికంటే ముఖ్యం, డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల వృత్తుల్లో ఓసీఐ వాళ్ళకి ఎన్ఆర్ఐలతో సమానంగా అవకాశముంది, సంబంధిత చట్టాలకు లోబడి. తన పాత సర్టిఫికెట్లన్నీ మళ్ళీ బయటికి తీసింది.

మారనివీ ఉన్నాయి. ఓటు లేదు. అరుణాచల్ లాంటి చోట్లకు వెళ్ళాలంటే విడిగా అనుమతి కావాలి. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. కోడలి పేరు మీద ఒక అరెకరం కొబ్బరితోట పెడదామని నాన్న సరదాపడ్డారు. అమలాపురంలో లాయరుగారు వద్దన్నారు. నాన్నకి అర్థం కాలేదు: "మన కోడలే కదరా?"

నాకు మింగుడుపడనిది అదే పౌరసత్వ చట్టంలోని 7డీ సెక్షన్. పెళ్ళి ద్వారా వచ్చిన ఓసీఐని, ఆ పెళ్ళి రద్దయితే ప్రభుత్వం రద్దు చేయవచ్చు. దొంగపెళ్ళిళ్ళని ఆపాలనే ఉద్దేశం తెలుసు. కానీ ఇరవయ్యేళ్ళు ఇక్కడే పనిచేసి, ఇక్కడి మనుషుల్లో కలిసిపోయిన మనిషి హక్కు కూడా మొగుడితో సంబంధం మీదే వేలాడటం ఏం న్యాయం? తనకి చదివి చెప్పాను. "అయితే నీతో పోట్లాడాలంటే ఆలోచించుకోవాలన్నమాట" అంది. పోట్లాటలేమీ తగ్గలేదు. ఏడేళ్ళు నివసించాక పౌరసత్వానికే దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది, కానీ రెండు పౌరసత్వాలు మన దగ్గర కుదరవు. వాళ్ళ పాస్‌పోర్టు వదులుకోవడం తనకి ఇష్టం లేదు, నేనూ అడగను.

2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్ మనవాళ్ళని పర్యటనకి 14 రోజులు వీసా లేకుండా రానిస్తోంది. ఆ తర్వాత మేం అత్తగారింటికి వెళ్ళొచ్చాం. వచ్చేటప్పుడు అక్కడి చెకిన్ కౌంటర్లో తన పాస్‌పోర్టు తిరగేసి, ఇండియా వీసా ఏదని పక్కన నిలబెట్టారు. చిన్న పుస్తకంలా ఉండే ఓసీఐ కార్డు చూపించినా, సూపర్‌వైజర్ వచ్చి కంప్యూటర్లో చూసుకునేదాకా బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. కాబట్టి ఓసీఐ పుస్తకాన్ని చెకిన్ లగేజీలో పెట్టకండి, పాస్‌పోర్టుతో కలిపి చేతిలోనే ఉంచుకోండి.

తన పాస్‌పోర్టు 2028లో మారుతుంది. కొత్తది వచ్చిన మూడు నెలల్లోపు దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ సైట్లో ఎక్కించాలి. భార్యగా కార్డు తీసుకున్నవాళ్ళు ఆ పెళ్ళి ఇంకా కొనసాగుతోందని ప్రకటన, భర్త పాస్‌పోర్టు కాపీ కూడా జతచేయాలి. నా పాస్‌పోర్టు గడువు అంతకంటే ముందే అయిపోతోంది, అందుకని ముందు నాది రెన్యువల్‌కి పెట్టాలి.