మామ దర్రీల డొమైన్ మామ పేరున పడేదాకా

మా మేనమామకు వరంగల్ కొత్తవాడలో దర్రీల (జంపఖానాల) వ్యాపారం. 2018లో వరంగల్ దర్రీకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, వచ్చిన తర్వాత, బయటి ఊళ్లవాళ్లకు కూడా కనబడాలని ఒక వెబ్‌సైట్ చేయించుకున్నాడు. చేసింది హన్మకొండ అబ్బాయి. సైట్ బాగానే చేశాడు కానీ, డొమైన్‌ను, అంటే సైట్ పేరును, తన అకౌంట్‌లో, తన మెయిల్ ఐడీతో, తన పేరునే రిజిస్టర్ చేశాడు. తర్వాత ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు.

రెన్యువల్ దగ్గర పడ్డాక ఫోన్ చేస్తే, మామూలు డాట్ కామ్ రెన్యువల్‌కు పదింతలు అడిగాడట. మామ నాకు ఫోన్ చేసి, "పైసలు పెట్టి కొన్నదాన్ని మళ్ల కొనుడేంది రా అల్లుడా? అది మనదా, కిరాయిదా?" అన్నాడు.

నిజం చెప్తే కిరాయిదే. డాట్ కామ్ పేర్లన్నిటి చిట్టా అమెరికాలోని వెరిసైన్ కంపెనీ దగ్గర ఉంటుంది. నియమాలు పెట్టేది 1998లో ఏర్పడ్డ ఐకాన్ (ICANN) అనే సంస్థ. మనం డబ్బులు కట్టి పేరు తీసుకునే కంపెనీ, అంటే రిజిస్ట్రార్, మధ్యవర్తి మాత్రమే. ఎంత ఇస్తామన్నా ఒకేసారి 10 ఏళ్లకు మించి ఇవ్వరు. అయితే ఇది బజార్ల మడిగె లీజు లాంటి కిరాయి. కట్టినన్నాళ్లు మన చేతిలో ఉంటుంది, కావాలంటే ఇంకొకరికి మార్చి ఇవ్వొచ్చు. కాకపోతే లీజు కాగితం మీద ఎవరి పేరుంటే మాట వాళ్లదే చెల్లుతుంది. ఇక్కడ ఆ పేరు మామది కాదు.

"అయితే కేసేద్దాం" అన్నాడు మామ. వేయడానికి వీల్లేదని కాదు. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. కానీ కోర్టులో మన వంతు వచ్చేలోపు గడువు దాటిపోతే? దాటాక కూడా 45 రోజుల దాకా మామూలు రేటుకే రెన్యువల్ చేసే వీలుంటుంది, అదీ రిజిస్ట్రార్‌ను బట్టి. ఆ తర్వాత 30 రోజులు పెద్ద జరిమానాతో. ఇంకో 5 రోజులు పోతే పేరు బజార్ల పడ్డట్టే, ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే మాటలతోనే తేల్చుకుందామన్నాను.

ఆ అబ్బాయి అంత చెడ్డవాడేం కాదు. కదిలిస్తే అసలు సంగతి చెప్పాడు: "అన్నా, ఇన్నేండ్ల హోస్టింగ్ నేనే కట్టిన." హోస్టింగ్ అంటే సైట్ ఉండే సర్వర్ కిరాయి. లెక్క చూస్తే నిజమే. ఆ బాకీ తీర్చేశాం. డొమైన్ వదిలేయడానికి ఒప్పుకున్నాడు.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు అతని అకౌంట్‌లోనే పేరు మార్చేస్తే, చాలా రిజిస్ట్రార్ల దగ్గర 60 రోజుల తాళం పడుతుంది, వేరే రిజిస్ట్రార్‌కు మార్చుకోనివ్వరు. అందుకని మామ పేరున, మామ ఫోన్ నంబరుతో వేరే రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరిచాం. అబ్బాయి అటువైపు బదిలీ లాక్ తీసి, బదిలీకి పాస్‌వర్డ్ లాంటి ఆథ్ కోడ్ పంపాడు. అది ఇక్కడ కొట్టి ఒక ఏడాది ఫీజు కట్టాం. ఆ ఏడాది పాత గడువుకే కలుస్తుంది, డబ్బులు ఎక్కడికీ పోవు. పాత రిజిస్ట్రార్ 5 రోజుల దాకా ఆగొచ్చు కానీ, అబ్బాయి తన అకౌంట్‌లో ఓకే నొక్కడంతో త్వరగానే వచ్చేసింది. తర్వాత రిజిస్ట్రెంట్, అంటే డొమైన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి, పేరును మామదిగా మార్చాం.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. పేరు మారాక కొత్త యజమాని మెయిల్‌కు ఒక లింక్ వస్తుంది, అది నొక్కి మెయిల్ తనదేనని రుజువు చేసుకోవాలి. 15 రోజుల్లో చేయకపోతే డొమైన్‌ను ఆపేస్తారు. మామ ఆ మెయిల్ చూసి, ఇంగ్లిష్‌లో ఉంది, లింక్ నొక్కమంటున్నది, ఎవడో సైబర్ దొంగ అనుకుని డిలీట్ చేశాడు! ఆయన్ను తప్పు పట్టలేం, తెలియని లింకులు నొక్కొద్దని ఫోన్ తీస్తే చాలు అందరూ చెప్తున్నారు కదా. మళ్లీ పంపించుకుని, పక్కన కూర్చుని నొక్కించాను.

ఇంకో సంగతి. ఆ అకౌంట్‌కు మామ జీమెయిల్ ఇచ్చాను గానీ, దుకాణం డొమైన్ మీద ఉన్న మెయిల్ ఇవ్వలేదు. డొమైన్ గడువు దాటితే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. "గడువు దాటింది" అని చెప్పే కబురు కూడా అందులోకే రావాలి మరి.

ఆటో రెన్యువల్ పెట్టాం కానీ, కార్డు గడువే ముందు ముగుస్తుందని తెలిసి ఇంకో మూడేళ్లకు ఒకేసారి కట్టేశాం. మామకైతే 10 ఏళ్లు కట్టేయాలని ఉండె. "కొడుకు దుకాణంల కూసుంటడో లేదో తేలనియ్యి ముందు" అన్నది అత్తమ్మ.