అమ్మమ్మ పెరుగుతో రాంచ్ డ్రెస్సింగ్

డాలస్‌లో పుట్టిన మా పిల్లలు క్యారెట్ అయినా, కీరా అయినా రాంచ్ డ్రెస్సింగ్‌లో (మజ్జిగ, వెల్లుల్లి, ఆకులతో చేసే చిక్కటి తెల్లటి అమెరికన్ సాస్) ముంచితేనే తింటారు. వేసవి సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు "ఇక్కడ అవేం కుదరవు, పెట్టింది తినండి" అనే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. నాకు ఆ పద్ధతి నచ్చదు. సెలవుల్లో పిల్లలకు అమ్మమ్మ ఇంటి మీద ఇష్టం పెరగాలి. తమకు నచ్చినవన్నీ ఆ ఇంట్లో తప్పేమో అనే టెన్షన్ వాళ్లకు ఉండకూడదు. అందుకే గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ వంటింట్లోనే రాంచ్ చేశాం.

సీసాలో దొరికే రాంచ్‌కి ఆ చిక్కదనం చాలావరకు నూనె వల్లే వస్తుంది. ఇంట్లో రాంచ్ కలిపేటప్పుడు వేసే మయొనైజ్‌లో (నూనె, గుడ్డు సొన కలిపి చిలికిన సాస్) కూడా బరువు ప్రకారం కనీసం 65 శాతం నూనె ఉండాలని అమెరికాలో నిబంధనే ఉంది. రెండు టేబుల్ స్పూన్ల రాంచ్‌లో దాదాపు 130 కేలరీలు. పిల్లలు రెండు స్పూన్లతో ఆగరు కదా! దీన్ని కనిపెట్టిన స్టీవ్ హెన్సన్ ప్లంబింగ్ పనులు చేసేవాడని, 1950ల ప్రాంతంలో అలాస్కాలో తోటి పనివాళ్లకు వండిపెడుతూ మజ్జిగతో ఇది తయారుచేశాడని అమ్మకు చెప్పాను. "మజ్జిగైతే మనకు తెలియనిదేముందే? అంత నూనె ఎందుకు మరి?" అంది.

అమ్మ ఎలాగూ నెయ్యి కోసం గేదె పాల మీద మీగడ తీసేస్తుంది. ఆ పాలు తోడుపెట్టిన పెరుగు కాబట్టి కొవ్వు ముందే తగ్గిపోయింది. పెరుగును పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో ఉంచి, కింద ఇంకో గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. గుంటూరు ఎండల్లో బయట వేలాడదీస్తే నీరంతా దిగేలోపే పులిసిపోతుంది. రెండు మూడు గంటలకు వెన్నలా గట్టిపడింది. దిగిన నీటిని అమ్మ పారబోయనివ్వలేదు, చపాతీ పిండిలో కలిపింది.

మా అబ్బాయి ఒక చిన్న వెల్లుల్లి రెబ్బను ఉప్పుతో రోట్లో మెత్తగా నూరాడు. ముక్కలుగా వేస్తే పచ్చి ఘాటు ఒక్కచోటే తగులుతుంది. అమ్మాయి ఉల్లికాడలు, కొత్తిమీర సన్నగా తరిగింది. కప్పు గట్టి పెరుగుకి పావు స్పూను ఉప్పు, అంతే మిరియాల పొడి, స్పూను నిమ్మరసం. చెంచాతోనే కలపాలి, మిక్సీలో వేస్తే పల్చబడిపోతుంది. మరీ గట్టిగా ఉంటే కొంచెం కొంచెంగా మజ్జిగ పోయాలి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే వెల్లుల్లి, ఆకుల రుచి బాగా పడుతుంది. కీరా మాత్రం తినేముందే తరగాలి, లేకపోతే నీరు ఊరి అంతా జావ అవుతుంది. పిల్లలకు పుల్లగా అనిపిస్తే మొదట్లో మూడు వంతుల పెరుగుకి ఒక వంతు మయొనైజ్ కలిపి, తర్వాత తగ్గించుకుంటూ పోవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు, పెరుగు అంత కమ్మగా ఉంది.

అమ్మ తన వాటాకి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టుకుంది. మా అబ్బాయి అదీ రుచి చూసి రెండూ కావాలన్నాడు. ఇష్టంగా అడిగి తిన్న ఆ నాలుగు ముక్కలు, బతిమాలి తినిపించే గిన్నెడు పచ్చడి కంటే నాకు ఎక్కువ.

డాలస్‌లో గ్రీక్ యోగర్ట్ కొంటే వడగట్టే పనే ఉండదు. అయినా మా అమ్మాయి తానే పాలు కాచి తోడు పెడతానంటుంది. ఏ వేడిలో తోడు వేయాలో అమ్మమ్మకు వీడియో కాల్ చేసి అడుగుతుంది. చలికాలంలో అయితే గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి ఉంచుతాం. ఆ కాస్త వెచ్చదనం లేకపోతే పెరుగు తోడుకోదు.