ఘాజీ పేలినప్పుడు థియేటర్ అంతా ఈలలు, మా నాన్న తప్ప

2017 ఫిబ్రవరి 18, శనివారం ఫస్ట్ షో. 1971 యుద్ధంలో వైజాగ్ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ కథతో వచ్చిన సినిమా, ఘాజీ, రిలీజైన రెండో రోజు. వైజాగ్‌లో జగదాంబ సెంటర్ దగ్గర ఒక థియేటర్లో నాన్న, నేను, మా చెల్లి. నాన్న మామూలుగా సినిమాకి రారు, ఆ సౌండ్ ఆయనకి పడదు, కానీ ఈసారి రోడ్డు మీద పోస్టర్ చూసొచ్చి ఆయనే అడిగారు టికెట్లు దొరుకుతాయా అని. ఎందుకంటే ఆ కథ జరిగిన రాత్రి ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు, కోటవీధిలో, పన్నెండేళ్ళ కుర్రాడు.

హాలు ఫుల్. సగం మంది కాలేజీ కుర్రాళ్ళు, మిగతా సగం ఫ్యామిలీలు, నేవీ క్వార్టర్స్ నుంచి వచ్చినవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, ఆ క్రాఫు చూస్తే తెలిసిపోతుంది కదా. మొదట్లో చిరంజీవి గొంతు వినపడగానే ఇక చూడాలి, ఖైదీ నెంబర్ 150 వచ్చి అప్పటికి నెల దాటింది అంతే, ఆ వేడి ఇంకా తగ్గలేదు, ఆయన యుద్ధం గురించి ఏం చెప్తున్నాడో ఒక్క ముక్క వినపడలేదు ఈలల్లో. నాన్న నా వైపు వంగి ఏమన్నాడ్రా అని రెండుసార్లు అడిగారు.

కానీ సబ్‌మెరైన్ నీళ్ళలోకి దిగాక హాలు దానంతట అదే సద్దుమణిగిపోయింది. పాటల్లేవు, కామెడీ ట్రాక్ లేదు, ఆ ఇరుకు ఇనప గొట్టంలో మనుషులు చెమటలు కక్కుకుంటూ సోనార్ శబ్దం వింటూ ఉంటారు, మనమూ ఊపిరి బిగబట్టి అదే వింటాం. మాస్ జనం కూర్చుంటారా అనుకున్నాను, కూర్చున్నారు, మధ్యలో సెల్‌ఫోన్ మోగితే పది మంది తిట్టారు. సంకల్ప్ రెడ్డికి అది మొదటి సినిమా అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు నాకు. తర్వాత నేషనల్ అవార్డు వస్తే మా ఇంట్లో వచ్చినట్టే సంబరపడ్డాం.

ఇక జనగణమన సీన్. అప్పట్లో సుప్రీంకోర్టు ఆర్డర్ వల్ల సినిమాకి ముందు జాతీయ గీతం వెయ్యాలి, అందరం లేచి నిలబడ్డాం, అది అయిపోయింది. సినిమా మధ్యలో మనవాళ్ళు సబ్‌మెరైన్లో మళ్ళీ పాడతారు, శత్రువు వినాలని, వాడు రెచ్చిపోవాలని. కథలో వచ్చినప్పుడు లేవక్కర్లేదని కోర్టు సరిగ్గా ఆ వారమే, ఫిబ్రవరి 14న చెప్పింది, కానీ హాల్లో ఎంతమందికి తెలుసు? ముందు వరసలో కుర్రాళ్ళు లేచారు, వాళ్ళని చూసి వెనక వాళ్ళు, లెగండ్రా లెగండి అని ఒకడు కేక, అక్కర్లేదంట పేపర్లో వచ్చింది అని ఇంకొకాయన, స్క్రీన్ కనపడట్లేదు అని పిల్లలు. మా పక్క సీట్లో ఒకావిడ ఒళ్ళో రెండేళ్ళ బాబు నిద్రపోతున్నాడు, తల ఆవిడ మోచేతి మీద, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెప్పు కింద పడిపోయి. ఆవిడ లేవలేదు. వెనక నుంచి ఎవడో ఏవమ్మా దేశభక్తి లేదా అన్నాడు గట్టిగా. ఆవిడ కంగారుగా బాబుని భుజాన వేసుకుని లేవబోతుంటే నాన్న వెనక్కి తిరిగి, కూర్చోనీ బాబూ, పిల్లోడు పడుకున్నాడు కదా అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఆవిడ కూర్చుంది. పాట అయ్యేదాకా నాన్న మాత్రం నిలబడే ఉన్నారు. ఆ పాట విని నాకు ఒళ్ళు పులకరించింది, నేను దాచుకోను, కానీ ఆ తల్లిని నిలదీసిన గొంతు మాత్రం నచ్చలేదు, ఇప్పుడు తల్చుకున్నా నచ్చదు.

చివర్లో ఘాజీ పేలిపోతుంది. టాప్ లేచిపోయింది, కాగితాలు ఎగిరాయి, భారత్ మాతా కీ జై, నేనూ చప్పట్లు కొట్టాను. పక్కకి చూస్తే నాన్న రెండు చేతులూ ముందు సీటు మీద పెట్టుకుని కదలకుండా చూస్తున్నారు.

బయటికొచ్చాక ఇంటికి వెళ్దామనలేదు, బీచ్‌కి పోనీరా అన్నారు. ఆర్కే బీచ్‌లో కురుసుర దగ్గర, అదే మ్యూజియంగా పెట్టిన పాత సబ్‌మెరైన్, మురీ మిక్చర్ కొనుక్కుని గట్టు మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పారు. ఆ రోజుల్లో ఊరంతా బ్లాకవుట్, కిటికీలకి నల్ల కాగితాలు అంటించారంట. డిసెంబర్ మూడో తారీకు రాత్రి పడుకున్నారు, అర్ధరాత్రి దాటాక ఒక్కసారి ధబ్‌మని నేల అదిరింది, కిటికీ అద్దం పగిలి పెంకులు మంచం మీద పడ్డాయి. మా నాయనమ్మ బాంబేసినార్రా, కదలకండి అని పిల్లలందర్నీ మంచం కిందకి తోసేసి తను అడ్డంగా పడుకుందంట తెల్లారేదాకా. పొద్దున్నే చేపలమ్మే ఆవిడ గంప దించకుండానే చెప్పిందంట, ఏటకెల్లినోళ్ళకి సముద్దరంలో ఏటేటో దొరికినాయమ్మా, కడుపు తరుక్కుపోతంది అని. అందులో లైఫ్ జాకెట్ కూడా ఉందని తర్వాత తెలిసింది.

నాన్న ఆ తర్వాత డాక్‌యార్డ్‌లోనే ఉద్యోగం చేశారు కాబట్టి మిగతా కథ సీనియర్ల దగ్గర విన్నారు, చాలావరకు పుస్తకాల్లో కూడా ఉన్నదే. ఘాజీ అసలు అమెరికా వాళ్ళది, యూఎస్ఎస్ డయాబ్లో, 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది, మన ఒకే ఒక్క విమాన వాహక నౌక విక్రాంత్‌ని ముంచాలని, మా హార్బర్ ముందు మైన్లు పరచాలని. ఈస్టర్న్ నేవల్ కమాండ్ చీఫ్ వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది వైజాగ్‌లోనే ఉందని నమ్మించడానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ని వాడారు. రాజ్‌పుత్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్, రేపో మాపో తీసేయాల్సిన ఓడ. దాని నుంచి వైర్‌లెస్ మెసేజులు గుప్పించారు పెద్ద నౌకలాగా. విక్రాంత్‌లో నావికుడు వాళ్ళమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు ఒక మామూలు టెలిగ్రామ్ కూడా కావాలనే అందరికీ వినపడేలా పంపారు. కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు పెద్ద ఫ్లీట్‌కి సరిపడా ఆర్డర్ ఇచ్చారు, ఊళ్ళో ఆ మాట పాకాలని. ఆ రాత్రి రాజ్‌పుత్ హార్బర్ దాటగానే నీళ్ళలో ఏదో కదలిక కనపడి డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులు, వేసింది, కొద్ది నిమిషాలకి ఆ పేలుడు. రాజ్‌పుత్ దెబ్బే అని మన నేవీ మాట, లోపలి పేలుడో వాళ్ళ మైన్లేనో అని పాకిస్తాన్ మాట. తొంభై మందికి పైగా ఉన్నారు అందులో, ఒక్కడు బతకలేదు.

మరి సినిమాలో? ఎస్ 21 అనే మన సబ్‌మెరైన్ వెళ్ళి ఘాజీతో తలపడి ముంచుతుంది. కల్పన అని మొదట్లో వేస్తారు లెండి, కానీ అప్పుడు హాల్లో ఎవడు చదువుతాడు, నిజంగా జరిగిన కథ అన్న మాటే అందరి బుర్రలోకీ వెళ్తుంది. సోమవారం ఆఫీసులో నేను రాజ్‌పుత్ అంటే ఒక ఫ్రెండ్ నన్నే వింతగా చూశాడు, సినిమాలో అలా లేదే అని. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాడే. నాకు అక్కడ మనసు కష్టంగా అనిపించింది. సినిమా తీసినవాళ్ళకి ఆ స్వేచ్ఛ ఉంది, సబ్‌మెరైన్ వర్సెస్ సబ్‌మెరైన్ అయితేనే ఆ బిగువు వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ముసలి రాజ్‌పుత్, ఆ టెలిగ్రామ్, ఆ కూరగాయల ఆర్డర్లు, పెంకులు పడ్డ మంచాలు, వేటకెళ్ళిన జాలర్లు, ఇదంతా మా ఊరి కథ, అదీ సినిమాలో ఎక్కడో ఒకచోట ఉంటే ఎంత బాగుండేది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, ఇక సినిమానే మిగులుతుంది పిల్లలకి.

సినిమా వచ్చిన కొత్తలో కురుసుర లోపల కూడా ఇదే విన్నాను. ముందు నడిచే అబ్బాయి వాళ్ళ నాన్నని అడుగుతున్నాడు, రానా ఉన్నది ఇందులోనేనా అని, అవున్రా ఇదే ఘాజీని ముంచింది అంటున్నాడాయన ధీమాగా. కురుసుర ఆ యుద్ధంలో ఉంది నిజమే, కానీ అటు అరేబియా సముద్రంలో. సెట్ వేసింది హైదరాబాద్‌లో. నేను కల్పించుకుని చెప్పాను, ఆయన ఏమీ అనుకోలేదు, అవునా అండీ అని రాజ్‌పుత్ సంగతి మొత్తం విన్నాడు, అబ్బాయి మాత్రం టార్పెడో గొట్టం పట్టుకుని వదల్లేదు.

2024 ఫిబ్రవరిలో పేపర్లో వచ్చింది, మన నేవీ డీఎస్ఆర్‌వీ, అంటే మునిగిన సబ్‌మెరైన్లలో వాళ్ళని కాపాడే చిన్న వాహనం, తీరానికి దగ్గర్లోనే ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని, చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని. నాన్న ఆ పేపర్ ముక్క కత్తిరించి డైరీలో పెట్టుకున్నారు. ఆ రోజు థియేటర్లో ఎందుకు చప్పట్లు కొట్టలేదు నాన్నా అని అప్పుడడిగాను. గెలిచినందుకు సంతోషమేరా, ఘాజీ తన పని చేసుకునుంటే మనం ఉండేవాళ్ళమా, కానీ ఆ చప్పుడు నేను విన్నాను కదా అన్నారు.

ఆ డిసెంబర్‌లో నేవీ డేకి మా చెల్లి కూతుర్ని కూడా తీసుకెళ్ళాం, ఆరేళ్ళు దానికి. ఆ ఏడాది మెయిన్ షో పూరీలో పెట్టారని బీచ్‌లో జనం పెద్దగా లేరు. తాతా ఘాజీ ఎక్కడ అని అడిగింది, వాళ్ళమ్మ చెప్పినట్టుంది. నాన్న దాన్ని ఎత్తుకుని కుడివైపు డాల్ఫిన్స్ నోస్ చూపించి, ఆ కొండ ముందు, హార్బర్‌లోకి ఓడలు వెళ్ళే దారిలో, ఒడ్డుకి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు అన్నారు.

లోపల ఇంకా ఉన్నారా వాళ్ళు?

ఉన్నారమ్మా.

అది చాలాసేపు అటే చూసింది, చేతిలో మురీ పొట్లం ఒరిగిపోయి మరమరాలు నాన్న చొక్కా మీద పడుతుంటే కూడా చూసుకోకుండా.